సాదా పట్టీ కత్తులు

మీరే ఎంచి, కోసి, రుద్ది, అరచేతులు బొబ్బలెక్కేలా తయారుచేసిన వస్తువు మీ చేతిలో కన్నా ఇంకొకరి చేతిలో బాగా పలికితే మీకు నిజంగా సంతోషం కలుగుతుందా? మర్యాదకు చెప్పే జవాబు నాకు వద్దు. కళాశాలలో చేరినప్పటి నుంచీ నేను చర్చా పోటీల్లో మాట్లాడుతున్నాను. మర్యాదకు చెప్పే జవాబును ఎదుటివారి మొదటి వాక్యంలోనే పసిగట్టడం అక్కడే అలవాటైంది. కాబట్టి నా జవాబు ముందే చెప్పేస్తాను. నాకు సంతోషం కలగలేదు. ఇది రాస్తున్న ఈ గడియ వరకూ కలగలేదు.

ఈ వ్యవహారంలో నా ప్రతిపక్షం మా వదిన. మా మేనత్త కూతురు, నాకన్నా ఏడాది పెద్ద. వాళ్లది మహారాష్ట్ర రాజురా తాలూకాలో తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న లక్కడ్‌కోట్. పత్తి, సోయాబీన్ పండించే ఇల్లు. మాది చంద్రపూర్. నాన్న విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి కనుక మేముండేది క్వార్టర్‌లో. డిగ్రీ చదవడానికి వదిన మా ఇంటికి వచ్చింది. నా గదిలో సగం తీసుకుంది. నా అలమరాలో రెండు అరలు తీసుకుంది. అంతవరకూ నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ తరువాత ఒక సాయంత్రం, ఇంట్లో ఒక్కతే కూర్చోలేక, నా వెంట వ్యాయామశాలకు కూడా వచ్చింది.

వ్యాయామశాల అంటే రేకుల కప్పు, ఎర్రమట్టి నేల, గోడకు ఆనించిన లాఠీలు. ఇక్కడి మరాఠీ పేటల్లో పిల్లలకు సాయంత్రాలు కర్రసాము, గలగలలాడే చిన్న విల్లుతో ఆడే లెజిమ్ నేర్పే చోటు. మా సర్ బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. మరాఠీ తప్ప మరో భాష మాట్లాడరు. ఆయన మాటలను ఇక్కడ నేను తెలుగు చేస్తున్నాను. ఈమధ్యే ఆయన వెనక ఆవరణలో విసురు కత్తుల ఆట మొదలుపెట్టారు. పక్కనే టేకు డిపోలున్న ఊరు కదా, అందరూ టేకు మొద్దు తెద్దామన్నారు. టేకు గట్టిది, దిగదు, పైగా చీలుతుందని సర్ ఒప్పుకోలేదు. బూరుగు మొద్దును అడ్డంగా కోయించి, గుండ్రటి ముఖం మా వైపు ఉండేలా నిలబెట్టించారు. ఎవరూ దాటకుండా ఒక తాడు కట్టారు. విసరడం, ఆగడం, అందరూ విసిరాకే వెళ్లి తీసుకోవడం. అంతే ఆట.

చలికాలంలో నాగపూర్‌లో పోటీ జరుగుతుందని, మా వ్యాయామశాల నుంచి ఒక్క అమ్మాయికే చోటుందని తెలిసిన రోజున ఆ చోటు నాదేనని మనసులో నిర్ణయించుకున్నాను. ఎందుకంత పట్టుదల అంటారా? మా ఇంటి గూట్లో ఉన్న కప్పులన్నీ నేను నోటితో గెలిచినవి. ఒక్కటైనా చేత్తో గెలవాలని నా కోరిక. ఆడపిల్ల నోరు పెద్దదని బంధువులు అనే మాట మీరూ వినే ఉంటారు. చేయి పెద్దదని అనిపించుకోవాలని ఉండేది.

పోటీకి ఎవరి కత్తులు వారే తెచ్చుకోవాలి. ఒకే పొడవు, ఒకే బరువు ఉన్నవి మూడు. దుకాణంలో దొరికే సెట్టు ధర మా ఇద్దరికీ అందేది కాదు. కాబట్టి చేసుకోవాలి. చేసుకోవాలంటే ముందు ఇనుము కావాలి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అప్పటికే నాకు వదిన మీద అసూయ. ఆమె విసిరే తీరు చూస్తే మీకూ కలుగుతుంది. నేను నిలబడే చోటు, మోచేయి కోణం, వేళ్ల పట్టు అన్నీ సరిచూసుకుని విసిరితే కత్తి ఒకసారి దిగేది, ఒకసారి పడేది. ఆమె చేలో పందుల్ని అదిలిస్తూ రాయి విసిరినట్టు, ముఖం మీద పడ్డ వెంట్రుక కూడా తీసుకోకుండా విసిరేది. ఠక్కున దిగేది. ఆ శబ్దం నాకు కంటగింపు. చెవికి కంటగింపు అనకూడదంటారేమో, నాకు మాత్రం అలాగే ఉండేది. నా వంతు అయ్యాక నా కత్తులు ఎక్కడ దిగాయో చూడకముందే నా చూపు ఆమె కత్తుల మీదకు పోయేది.

అందుకే ఇనుము ఎంపిక మాట రాగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇది చేతి పని కాదు, బుద్ధి పని. ఇక్కడ వదినను ఓడించగలను.

చర్చలో ఒక ప్రతిపాదనను ఎలా పరీక్షిస్తామో అలాగే మొదలుపెట్టాను. విసిరే కత్తికి అంచు పదును అక్కర్లేదు, మొన ఉంటే చాలు. అది గట్టిగా ఉండటం కన్నా విరగకుండా ఉండటం ముఖ్యం. చవకగా దొరకాలి. వీటికి నేను సొంతంగా ఇంకో షరతు చేర్చుకున్నాను: ఆ ఇనుము ఎక్కడిదో తెలిసి ఉండాలి. మా కాలనీలో ఇనుము ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ అడగరు. విద్యుత్ కేంద్రం నుంచి టిఫిన్ సంచీలో వచ్చిన ముక్క పూలకుండీకి కాళ్లవుతుంది, ఇంకో ముక్క బట్టలారేసే కొక్కెమవుతుంది. నాన్న అలాంటి ముక్క ఒక్కటీ ఇంట్లోకి రానివ్వలేదు. నేనూ రానివ్వను.

పాత ఆకురాళ్లను మొదటే కొట్టివేశాను. కమ్మరి కొలిమికి వెళితే అవి మంచి కత్తులవుతాయి గానీ, ఉన్నవి ఉన్నట్టుగా విసిరితే గాజులా ముక్కలవుతాయి. తరువాతి అభ్యర్థి లారీ చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీ. కత్తుల గురించి నాలుగు మాటలు తెలిసిన ప్రతివాడూ మొదట చెప్పే పేరు అదే. ఘుగ్గుస్ వైపు బొగ్గు లారీలు ఆగని దారి మీద కమాన్లు విరగని రోజుండదు. కనుక బస్సెక్కి ఘుగ్గుస్ వెళ్లాను. వదిన కూడా వచ్చింది, బజ్జీలు తినడానికి.

అక్కడ ఒక భంగార్ దుకాణం. పాత సామాన్లు కొని అమ్మే ఆ దుకాణం యజమాని మనవాడే, ఆదిలాబాద్ వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ పెద్దాయన. బొగ్గు ధూళికి ఆయన మీసం ఏ రంగుదో తెలియడం లేదు. గుట్టలోంచి ఒక పట్టీ లాగి నా ముందు పడేశాడు.

“ఇది ఎక్కడిది?” అన్నాను.

“లారీది బిడ్డా.”

“ఏ లారీది?”

“గా రోడ్డు మీద పోతయి గదా, గండ్ల ఒకటి.”

“కంపెనీ సామాను కాదని ఎట్ల నమ్మాలె?”

ఆయన కూర్చున్న స్టూలు మీదనే నా వైపు తిరిగి, నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. “ఇనుముకు ఆధార్ కార్డ్ ఉంటదా బిడ్డా? నీకేం గావాలె, పట్టీనా, పంచాయితీయా?”

వెనక వదిన బజ్జీ నోట్లో పెట్టుకునే నవ్వింది. “రెండు గావాలె కాకా. పట్టీ మోసేది నేను. పంచాయితీ ఆమె చూసుకుంటది.”

నేను వెనక్కి తగ్గలేదు. బిల్లు ఇస్తేనే కొంటానన్నాను. ఆయన బల్ల కింద నుంచి ఒక బిల్లు పుస్తకం తీశాడు. “గిదేనా? గింతదానికి గింతసేపు. ఎంత పొడుగు బిల్లు గావాలె?” అంటూ ‘పాత కమాను పట్టీ, ఒకటి’ అని రాసి, ముద్ర కొట్టి, చింపి నా చేతిలో పెట్టాడు. నేను ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాను. చర్చా వేదిక మీద ఆధారం చూపగానే న్యాయనిర్ణేతలు తల ఊపుతారు కదా. నా లోపల ఎవరో అలాగే తల ఊపారు. బస్సులో తిరిగి వస్తూ వదినకు ఆధారం లేని ఇనుము అంటే ఏమిటో వివరించాను. ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

పట్టీని వెల్డింగ్ దుకాణంలో గ్రైండర్‌తో కోయించాను. కొలిమిలో పెట్టించలేదు, ఉన్న గట్టిదనం పోతుందని. జానెడున్నర పొడవున్న మూడు కత్తులు. నల్లగా, నిండుగా, చూడగానే కత్తులనిపించేవి. వ్యాయామశాలలో అందరూ ఒకసారి చేత్తో పట్టుకుని చూశారు. ఆ నాలుగు రోజులూ నేను చాలా మంచిదాన్ని. వదినకు నా దువ్వెన కూడా ఇచ్చాను.

ఆ వారాంతం వదిన ఊరికి వెళ్లి, పత్తి గోనెగుడ్డలో చుట్టిన మూటతో తిరిగి వచ్చింది. మంచం మీద విప్పింది. మూడు కత్తులు. ఒకదాని మొన కాస్త వెడల్పు, ఇంకోదాని పిడి కాస్త వంకర. గోధుమరంగు ఇనుము, మధ్యలో మెరుపు. మా ఇంటి వస్తువేదీ అలాంటి మెరుపుతో ఉండదు. అది కొత్తదనం మెరుపు కాదు, అరిగిన మెరుపు.

“ఇదేం ఇనుము వదినా?”

“గుంటుక పాస.”

పత్తి చేలో సాళ్ల మధ్య కలుపు కోయడానికి ఎడ్లతో లాగించే గుంటుక ఉంటుంది. దాని అడుగున మట్టిని కోసుకుంటూ పోయే పొడుగాటి ఇనుప పట్టీయే పాస. ఆ సంగతి నాకు తెలుసు. నేను అడగదలచుకున్నది వేరు.

“ఎక్కడ కొన్నరు?”

“కొనుడేందే? మా ఇంటిదే. తాత ఉన్నప్పటిది. రాళ్లు తగిలి తగిలి సగమైంది. నాయిన కమ్మరి తానికి తీస్కపోయి మూడు ముక్కలు జేయించిండు. బిడ్డ నాగపూర్ పోతదట అని ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు.”

“ఆధారం?”

“బిల్లా?” ఆమె కళ్లు మిలమిలలాడాయి. “మా తాత ఫోటో తెస్త తియ్, గోడకుంది. దండతోని సహా తెస్త.”

నేను నవ్వలేదు. నా షరతులన్నీ ఒక్కొక్కటిగా లోపల చదువుకున్నాను. చవక: ఖర్చు లేదు. విరగకపోవడం: నల్లరేగడిలో రాళ్లతో ఏళ్ల తరబడి ఢీకొని నిలిచిన ఇనుము. ఎక్కడిదో తెలియడం: ఆ ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నా పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. అప్పటివరకూ నాకు ఆమె చేయి అంటేనే అసూయ. ఆ రోజు నుంచి ఆమె ఇల్లంటే కూడా మొదలైంది. మా క్వార్టర్‌లో మంచం, బీరువా, గోడలకు వేసిన సున్నం వరకూ ఒకటి కొన్నది, ఒకటి కంపెనీది. నాన్న పదవీ విరమణ చేసిన రోజున గోడలు వదిలి వెళ్లిపోతాం. తాతల నాటి ఇనుము అనడానికి మా ఇంట్లో ఒక మేకు కూడా లేదు.

మర్నాడు వ్యాయామశాలలో ఆ అసూయనంతా భుజంలో పెట్టి విసిరాను. కత్తి మొద్దుకు తగిలింది. ఎప్పుడూ వినని శబ్దం, పలక పగిలినట్టు. మొన మొద్దులోనే ఉండిపోయింది. మిగతా సగం గిరగిర తిరుగుతూ వచ్చి తాడుకు అవతల మట్టిలో పడింది. సర్ చేయెత్తి అందరినీ ఆపారు. విరిగిన చోట చూస్తే సగం మేర కొత్త మెరుపు, మిగిలిన సగం పాత తుప్పు. బొగ్గు మోసి మోసి ఆ పట్టీ ఎప్పుడో లోపల చీలి ఉంది. దాన్ని నేను బిల్లుతో సహా కొని తెచ్చుకున్నాను.

వదిన దగ్గరికి వచ్చి చూసింది. “అయ్యో” అంది మొదట, నిజంగానే. ఆ తరువాత ఉండబట్టలేక, “బిల్లున్నది గదనే, వాపస్ తీస్కుంటడేమో చూడు” అంది.

మిగిలిన రెండింటినీ సర్ నా చేతుల్లోంచి తీసుకుని పక్కన పడేశారు. ఇవి ఇక్కడ ఎవరూ విసరకూడదన్నారు. దసరా పొద్దున ఎంపిక. ఆయుధ పూజ అయ్యాక ఇద్దరూ విసరండి, ఎవరివి బాగా దిగితే వారు నాగపూర్ వెళతారని అప్పుడే చెప్పారు. దసరా ఎంతో దూరంలో లేదు.

ఈసారి పేరున్న ఇనుము జోలికి పోలేదు. చంద్రపూర్ బజారులో గేట్లకూ చట్రాలకూ అమ్మే సాదా పట్టీ కొన్నాను. అందరూ ‘మెత్తని ఇనుము’ అని పెదవి విరిచేది. దాని వాదన నాకు అప్పుడు అర్థమైంది: అది వంగుతుంది గానీ విరగదు, వంగితే సుత్తితో కొట్టి సరిచేసుకోవచ్చు. లోపల దాచుకున్న పగుళ్లు లేవు, ఎందుకంటే దానికి ఇంకా గతం లేదు. రంపపు బ్లేడుతో నేనే కోశాను. ఆకురాయితో నేనే రుద్దాను. అరచేతులు పొక్కి పగిలాయి. పిడికి తాడు చుట్టాను. కిరాణా కొట్టుకు తీసుకెళ్లి తక్కెడలో ఒకదానికొకటి పెట్టి తూచాను. ముల్లు కదలకుండా నిలిచేదాకా మళ్లీ రుద్దాను. చివరికి మూడింటికీ తేడా లేకుండా చేశాను. కొట్టాయన చక్కెర పొట్లం కట్టడం ఆపి మరీ చూశాడు.

వదిన వాటిని చూసి, “గేటు పట్టీతోని కత్తులానే! పో, పోయి గేటుకే విసురు” అంది.

అన్నది గానీ, ఒకటి చేతిలోకి తీసుకుని వేలి మీద నిలబెట్టి చూసింది. మళ్లీ తీసిన చోటే జాగ్రత్తగా పెట్టింది. నేను గమనించాను. అసూయ ఉన్నవారు ఇలాంటివి వదలరు.

నవమి నాడు అమ్మ వంటింట్లో పీట కడిగి ముగ్గు వేసి, ఇంట్లోని ఇనుమంతా దాని మీద పేర్చింది. కత్తిపీట, కత్తెర, నాన్న పానాలు, బండి తాళంచెవి. పసుపు, కుంకుమ, బంతిపూలు. వదిన తన మూడు కత్తులూ తెచ్చి కత్తిపీట పక్కన పెట్టింది. వాళ్ల ఇంట్లో కొడవళ్లు పెట్టినట్టే, ఆలోచించకుండా.

“నీయి కూడ తేవే,” అంది అమ్మ నాతో.

“ఇనుముకు పూజ ఎందుకమ్మా? పని చేసింది నా చెయ్యి. దానికి పెట్టు బొట్టు.”

“నువ్వు ఎందుకని అడగనిది ఈ ఇంట్ల ఏమన్న ఉన్నదా? ఉప్మా పెడితే అడుగుతవు, ఊడువుమంటే అడుగుతవు.” అమ్మ నా చేతికి నిజంగానే బొట్టు పెట్టింది. నా కత్తులు సంచీలోనే ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున తలస్నానాలు చేసి బయలుదేరుతున్నాం. వదిన పీట దగ్గరికి వంగి తన కత్తుల మీద చేయి వేయబోయింది.

“ఏయ్, ఆగు పిల్లా,” అంది అమ్మ గుమ్మంలోంచి. “జమ్మికి పోయొచ్చినంక గదా తీసుడు?”

వదిన చేయి గాల్లోనే ఆగింది. నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వ్యాయామశాల వాళ్లు నవమి నాడు పూజలో పెట్టిన ఆయుధాలను దసరా పొద్దున్నే బయటికి తీస్తారు. మా వైపు ఇళ్లలో దసరా సాయంత్రం జమ్మి చెట్టుకు మొక్కి వచ్చేదాకా పీట మీది ఇనుము ముట్టరు. రెండు పద్ధతుల మధ్య ఒక పూట తేడా. రెండింటి నడుమా బతికే మాకు ఆ పూట ఎక్కడ పోయిందో ముందురోజు తట్టలేదు.

“తీసుకో వదినా,” అన్నాను. “సర్ వాళ్లు పొద్దున్నే తీస్తరు గదా.”

“వాళ్ల తీరు వాళ్లది.”

“దేవుడు ఏమన్న అనుకుంటడా?”

“అనుకుంటడో, అనుకోడో, నాకేం ఎర్క?” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “సోయాబీన్ ఎండి రాలిపోతున్న గూడ మా నాయిన ఇయ్యాల కొడవలి ముట్టడు. నాగపూర్ కోసం నేనెట్ల ముడ్త?”

“మరి ఎంపిక?”

“పోతే పోయింది తియ్. నువ్వు పో. నేను చూసుకుంట కూసుంట.”

ఆగి ఆలోచించండి. ఆ చోటు నాకు అప్పటికప్పుడు దక్కింది. ఎదుటి పక్షం హాజరు కాలేదు; వచ్చినవారిదే గెలుపు. ఏ నియమావళి చూసినా అంతే. పైగా ఆమె నమ్మకం మీద నాకు గౌరవం లేదు, ఇప్పటికీ లేదు. అయినా దారి పొడవునా నాకు కాలింది. ఎందుకంటే నా సూత్రాల వల్ల ఆ రోజు వరకూ నేను పోగొట్టుకున్నది ఒక బస్సు టికెట్టు, ఒక పాత పట్టీ. ఆమె తన సూత్రం కోసం నాగపూర్‌నే వదిలేసి, పక్కన నడుస్తూ, ఎదురొచ్చిన మేకపిల్లను చూసి ముద్దు చేస్తోంది. నిష్ఠలో కూడా ఆమె నన్ను మించిపోయింది. చేతి పనిలో ఓడాను, ఇంటి గొప్పలో ఓడాను, చివరికి నాదనుకున్న ఆ ఒక్క గుణం కూడా ఆమె దగ్గరే ఎక్కువ బరువు తూగింది. దాన్ని భరించలేకపోయాను. వ్యాయామశాల గేటు దగ్గర ఆగి సంచీ ఆమె ముందు పెట్టాను.

“నా తరువాత నావాటితోనే విసురు.”

“గేటు పట్టీలా?”

“అవే.”

ఆమె నన్ను ఒకసారి చూసి, “వంగితే?” అంది.

“సుత్తి ఉంది.”

దీన్ని ఔదార్యమని పొరబడకండి. ఆమె కన్నా చిన్నగా కనబడటం ఇష్టం లేక ఇచ్చాను, అంతే.

ముందు నేను విసిరాను. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ విసరలేదు. మూడేసి కత్తుల వరుసల్లో, మొద్దు మీద అక్కడొకటి ఇక్కడొకటిగా, ఒక్కటి తప్ప అన్నీ దిగాయి. ఆ ఒక్కటి కూడా మొద్దు అంచుకు తాకి పడింది. సర్ తల ఊపారు. కత్తులు లాగి, మొనలు చూసి, తుడిచి వదినకు ఇచ్చాను.

ఆమె మొదటి విసురు పిడి వైపు తగిలి కింద పడింది. నా గుండె ఎగిరింది. ఎగిరిందని రాయకుండా ఉండలేను. ఆమె తొందరపడలేదు. రెండోదాన్ని వేలి మీద నిలబెట్టి, దాని బరువు ఎక్కడుందో చూసుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది. ఠక్. మూడోది, ఠక్. ఆ తరువాత ఇక కింద పడటమే లేదు. మధ్యలో ఒకదాని మొన కొద్దిగా వంగితే నేనే సుత్తితో కొట్టి ఇచ్చాను. చివరి వరుసలో మూడూ బూరుగు మొద్దు నడుమ ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి, తక్కెడలో నేను పెట్టినప్పటిలాగే, తేడా లేకుండా.

ఆ కత్తులు అంత అందంగా ఉంటాయని నాకు తెలియదు. నేనే చేశాను, అయినా తెలియదు. నా చేతిలో అవి ఎన్నడూ అలా నిలవలేదు.

సర్ వెళ్లి ఒకటి పీకి, వెలుతురుకు ఎత్తి చూశారు. “సాదా పట్టీ,” అన్నారు పిల్లలందరికీ చూపిస్తూ. “చవక, విరగదు. బరువు చూడండి ఎంత సరిగ్గా ఉందో. ఈ అమ్మాయి కత్తుల్లాంటివే మీరూ చేసుకోండి.” ఈ అమ్మాయి అన్నప్పుడు ఆయన వేలు వదిన వైపు ఉంది. నావి విరిగాక నేనే ఆమెవి వాడుకుంటున్నానని అనుకున్నట్టున్నారు.

వదిన వెంటనే మరాఠీలో చెప్పింది. “సర్, హే మాఝే నాహీత్. తిచే ఆహేత్.” ఇవి నావి కావు, ఆమెవి. చెప్పలేదని నేను అనను. అప్పటికే ఎవరో, మన జమ్మిలా బంగారమని పంచుకునే ఆప్టా ఆకుల పళ్లెం తెచ్చారు. బంగారం తీసుకోండి, బంగారం తీసుకోండి అంటూ అందరూ ఆకులు పంచుకుంటూ ఒకరి కాళ్లకు ఒకరు దండం పెడుతున్నారు. సర్ సరే సరే అన్నట్టు “బరం, బరం” అని ఆమె తల మీద చేయి వేసి, ఒక ఆకు ఆమె చేతిలో పెట్టి ముందుకు సాగిపోయారు. గోడ మీది నల్లబల్లపై సుద్దతో నాగపూర్ అని రాసి, దాని కింద ఒక్క పేరే రాశారు. ఆ బల్లలో ఇంకో పేరుకు బోలెడంత చోటు మిగిలి ఉంది. నేను చూశాను.

సాయంత్రం జమ్మికి మొక్కి వచ్చాక వదిన పీట మీది తన కత్తులు తీసుకుంది. కుంకుమ తుడిచి మంచం మీద పరిచింది. ఒక్కొక్కటీ వేలి మీద నిలబెట్టి చూసింది.

“కమ్మరి కంటితోని చేసిండే,” అంది చివరికి. “మూడు మూడు తీర్లున్నయి. నాగపూర్‌ల నడవయి. నీయి ఇస్తవా?”

నేను నా సంచీని దగ్గరికి లాక్కున్నాను.

“ఇయ్యకుంటే ఇయ్యకు. ముఖం గట్ల పెట్టకు.”

“ఇస్తే, అక్కడ నేను చేసిన్నని చెప్తవా?”

“ఎవరన్న అడిగితే చెప్త. ఒట్టు.”

“అడగకుంటే?”

ఆమె తల గోక్కుంది. “అడగకుంటే ఏం జెయ్యాలెనే? మైకు గుంజుకొని చెప్పాల్నా? నాకు నీ లెక్క మాట్లాడరాదు గదా.”

అది ఆమె నన్ను పొగిడిన మొదటి మాట కావచ్చు. నాకు పొగడ్తలా వినిపించలేదు. ఆమె నిజమే చెబుతోందని తెలుసు. అడిగితే చెబుతుంది, అడగకపోతే ఆమెకు తట్టదు. నాగపూర్‌లో ఆమె విసురుతుంది, మొద్దు పలుకుతుంది, జనం చప్పట్లు కొడతారు. అడిగేవారు ఎవరుంటారు? విసిరినవారి చేతిని చూస్తారు గానీ, ఆ చేతిలో ఉన్నది ఎక్కడినుంచి వచ్చిందని అడిగే అలవాటు మనకు లేదు. ఇంతకాలం అందరినీ అన్నీ అడిగినదాన్ని నేను. నా వంతు వచ్చేసరికి అడిగేవారు లేరు.

ఇది వదిన చదవదు. మరాఠీ బడిలో చదువుకుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరాలు కూడబలుక్కోవాలి. నాన్న పట్టుబట్టి నేర్పడం వల్ల నాకు వచ్చింది. ఆమెకు లేనిది నా దగ్గర ఉన్నది ఈ ఒక్కటే కనుక దాన్ని వాడుకుంటున్నాను. కత్తులు ఇచ్చేస్తున్నాను. మొనలు సరిచేసి, పిడి తాళ్లు కొత్తవి చుట్టి సంచీలో పెట్టాను. అసూయ తగ్గి ఇస్తున్నానని మాత్రం అనుకోకండి. నేను చేసినవి నాగపూర్ వెళ్లాలి. నేను వెళ్లలేకపోయినా వెళ్లాలి.

కాబట్టి చదివే మిమ్మల్ని ఒక్కటి కోరుతున్నాను. ఈ చలికాలం నాగపూర్‌లోనో, మీ ఊళ్లోనో కత్తి విసిరే ఆట చూడటానికి వెళితే చప్పట్లు కొట్టండి, కాదనను. ఆ తరువాత వెళ్లిపోకండి. తాడు దాకా నడిచి వచ్చి, గెలిచినవారిని అడగండి: ఈ కత్తులు ఏ ఇనుముతో చేశారు, ఎవరు చేశారు? జవాబు విని ఊరుకోకండి. నల్లబల్ల దగ్గర సుద్ద పట్టుకున్నవారికి చెప్పి, ఆ పేరు కూడా రాయించండి. వేలి మీద కత్తి నిలబెట్టి చూసి, ఒక అడుగు వెనక్కి వేసి విసిరే అమ్మాయి కనబడితే ఆమే మా వదిన. ఆమెను నలుగురూ వినేలా అడగండి.